నాలుగో శీలం లేని ఆదివారం

జొన్నరొట్టె చల్లారి అట్టముక్క లెక్క బిగుసుకపోయింది. పండరి దాన్ని ముట్టలేదు. మైకును ఒళ్ళో పెట్టుకొని పాత బనీను పేలికతో దాని జాలీ తుడుస్తున్నాడు. తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

"అది ఎప్పుడో మెరిసింది. ఇగ తిను," అన్నది పెండ్లాం సావిత్రమ్మ.

"ఆకలైతలేదు."

"మొన్నటి సంది అయితలేదా? మనిషివా, గోడవా?"

పండరి పేలికను మడత మార్చి మళ్ళీ తుడిచాడు.

ముప్పై ఏండ్ల సంది బాన్సువాడ గల్లీల్లో మైకు పట్టుకొని గొంతు చించుకున్న మనిషి. కూలిరేట్ల కోసం అరిచాడు. కాలువ నీళ్ళ కోసం అరిచాడు. ఎక్కడో ఎవనికో అన్యాయమైందంటే ఇక్కడ చౌరస్తాలో నిలబడి అరిచాడు. పెండ్లికీ చావుకూ మైకుసెట్టు కిరాయికిచ్చి ఇల్లు నడిపాడు. ఉద్యమానికి మాత్రం ఉత్తగనే ఇచ్చాడు. అసుమంటి నోరు మూసుకుంటే ఇంట్లో కరెంటు పోయినట్టుంటది.

"నిన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టినవ్. యాదికున్నదా?" అన్నది సావిత్రమ్మ.

"నేను పెట్టలే. నువ్వు గుంజి పెట్టుకున్నవ్."

"ఎట్ల పెట్టినా ఒట్టు ఒట్టే."

"ఒట్లు లేవు, దిష్టి లేదు, దయ్యం లేదని ఊరూరు తిరిగి చెప్పినోన్ని. నా ఇంట్లనే నాకు ఒట్టా?"

"ఊరికి చెప్పుకో. ఊరేమన్న నీకు కొడుకును కనిచ్చిందా?"

రేపు పొద్దున పండరి పోలీస్ స్టేషనుకు పోవాలె. తౌహీద్ మాటలను కత్తిరించి ఫోన్లలో పెట్టింది ఎవరని అడుగుతారు. 'నాకు తెల్వది' అని చెప్పాలె. సావిత్రమ్మ వేయించుకున్న ఒట్టు అదే. రెండే ముక్కలు. ఆ రెండు ముక్కలే గొంతులో రొట్టె దిగకుండా అడ్డం పడ్డాయి.

సంగతి ఊరందరికీ తెలిసిందే. గాజాలో పసిపిల్లల మీద బాంబులు పడుతున్నాయని మనసాగక, నీలిజెండా మనుషులు అంబేద్కర్ విగ్రహం కాడ కొవ్వొత్తులు ముట్టించారు. మైకు పండరిది. వెల్డింగ్ గఫూర్ కొడుకు తౌహీద్ ఆ మైకు అందుకొని ఒక మాటన్నాడు. "ఏ దేశపోడన్నా, ఏ మతపోడన్నా సరే, 'చంపుర్రి వాళ్ళను' అంటే మనం వాని దిక్కు నిలబడొద్దు." అంతే.

ఆ మాటకు తల నరికి, తోక నరికి, నడుమ ముక్కను లోకం మీదికి వదిలారు. చంపుర్రి వాళ్ళను! తౌహీద్ మొఖం, తౌహీద్ గొంతు, మీద ఎర్రటి అక్షరాలు.

తెల్లారేసరికి ఎక్కడెక్కడి పొరగాండ్లో బండ్లేసుకొని దిగారు. గఫూర్ దుకాణంలోని రాడ్లే గుంజుకొని గఫూర్ కొడుకును కొట్టారు. కొట్టినోళ్ళు గుర్తు తెలియని వ్యక్తులట. దెబ్బలు తిన్నోని మీద మాత్రం పేరుతో సహా కేసు. నిజామాబాద్ దవాఖానలో మంచం మీద తౌహీద్, మంచం పక్కన కానిస్టేబుల్. రాజ్యం అంటే ఏందో తెలుసుకోనీకి పెద్ద పెద్ద పుస్తకాలు అక్కర్లేదు, ఆ మంచం కాడ ఒక పూట కూసుంటే చాలు.

ఊరికి తెలియనిది ఒక్కటే. ఆ కత్తెర పట్టింది పండరి కొడుకు సృజన్.

వానికి సొంత యూట్యూబ్ ఛానల్ ఉన్నది, దాంట్లో పెట్టుకోలేదు. పేరూ ఊరూ లేని ఎవనిదో పేజీకి పంపాడు. మసాలా ఉన్నది పంపితే పైకి తెస్తమన్నారట వాళ్ళు. సావిత్రమ్మకు మాత్రం ఆ ముక్క పుట్టేటప్పుడే చెవిన పడ్డది. ఆ సాయంత్రం ఆమె బియ్యంలో రాళ్ళేరుతుంటే లోపలి అర్రలోంచి అదే మాట మళ్ళీ మళ్ళీ వినబడ్డది. చంపుర్రి వాళ్ళను. చంపుర్రి వాళ్ళను. ఏదో సినిమా డైలాగనుకున్నది. పిలగాడు కష్టపడుతున్నాడని చాయ్ పెట్టి ఇచ్చి వచ్చింది.

లోపలి అర్ర పరదా తొలిగింది. సృజన్ బయటికొచ్చాడు. గడ్డం మాసింది. చేతిలో ఫోను, కండ్లల్లో నిద్రలేమి.

"చాయ్ ఏది?"

అడిగింది పెండ్లాన్ని. సుజన తెల్లచీర కట్టుకొని విహారంలో ఆదివారం బుద్ధ వందనకు తయారై ఉన్నది. మామ ముంగట ఒక గ్లాసు, అత్త ముంగట ఒక గ్లాసు పెట్టింది. మూడో గ్లాసు బోర్లించే ఉన్నది.

"నిన్నే. చాయ్."

"నీ వీడియోకు లైకులు కొట్టినోళ్ళను పెట్టుమను," అన్నది సుజన. ఈ వారంలో ఆమె మొగునితో ఆడిన మొదటి మాట అది.

"చూసినవా అమ్మా? దొంగను చూసినట్టు చూస్తున్నరు ఇంటిల్లిపాది. నేను కొట్టుమన్ననా? రాడ్ పట్టుకున్ననా? షార్ట్ చేసిన. అందరు చేస్తరు. సినిమా ట్రైలర్ గూడ గట్లనే కట్ చేస్తరు. మొత్తం చూపిస్తే ఎవడు చూస్తడు?"

పండరి తల ఎత్తకుండానే అన్నాడు. "ట్రైలర్ చూసి జనం సినిమాకు పోతరు కొడుకా. నీ ట్రైలర్ చూసి తౌహీద్ కాడికి పోయిన్రు."

సృజన్ మొఖం ఎర్రబడ్డది.

"నువ్వేం చేసినవ్ బాపు? ఏడనో బాంబులు పడుతుంటే బాన్సువాడల మైనం ముట్టించినవ్. ఆగినయా? ముప్పై ఏండ్ల సంది అరుస్తున్నవ్. నీ మైకు చౌరస్తా దాటలే. నా ముక్క ఒక్క రాత్రిల మహారాష్ట్ర దాటింది. నీ కడుపుమంట గదే."

"దాటింది," అన్నాడు పండరి. "నిప్పు గూడ దాటుతది. గడ్డివాము కాన్నుంచి ఇంటికి."

"ఇగో, మొదలుపెట్టిండు సామెతలు."

"సామెత కాదురా. మైకుసెట్టోని మాట చెప్తున్న, ఇను. కోపం అంటే కిరాయికి తెచ్చిన ఆంప్లిఫయర్. సౌండు వస్తుంటే అబ్బ, గీ గొంతు నాదేనా అనిపిస్తది. తెల్లారి మిషను ఎవనిదో వాడు పట్టుకపోతడు. కాలిన వైర్లు నీ ఇంట్ల ఉంటయ్."

సృజన్ గడప మీద కూలబడ్డాడు. ఫోనును రెండు చేతులా పట్టుకున్నాడు గానీ దాని దిక్కు చూడలేదు.

"తీసేద్దామనుకున్న," అన్నాడు చిన్న గొంతుతో. "రాత్రికి రాత్రే పేజీవోనికి మెసేజ్ పెట్టిన. తీసేయ్ అన్నా, మా దోస్తు వాడు అన్న. నవ్వే బొమ్మ పెట్టిండు. అప్పటికే ఊరంత పంచుకున్నరు. నా చేతిల లేకుండ పోయింది బాపు."

పెరట్లో కోడి ఒకటి కెక్కెక్కెమన్నది.

"పూర్తిది ఉన్నదా నీ కాడ?" పండరి అడిగాడు.

"ఉన్నది."

"ఇయ్యి. నీ చేతితోని నువ్వే ఇయ్యి. నేను పక్కన నిలబడత."

"ఇస్తే నేనే కట్ చేసిన్నని తెలుస్తది గద. లోపలేస్తరు."

"ఏస్తరు. తౌహీద్ బయటపడతడు."

"ఎవ్వడు ఎవ్వనికి ఏమి ఇయ్యడు!" సావిత్రమ్మ లేచి నిలబడ్డది. రొట్టె పళ్ళెం కాలికి తగిలి గిరగిర తిరిగింది. "ఒక పిలగాడు దవాఖాన్ల, ఒక పిలగాడు జైల్ల. గిదేనా మీ ధర్మం? ఇద్దరు తల్లులు ఏడ్వాలెనా? ఒక్కతి ఏడుస్తే సాల్తలేదా?"

"సావిత్రీ..."

"ఏం సావిత్రి? ప్రతి ఐతారం మైకుల చెప్తవ్. 'నాది' అన్నకాన్నే నొప్పి మొదలైతదని. హీరో నాది అని ఒకడు ఇంకొకన్ని పొడుస్తడు, పెండ్లాం నాది అని ఒకడు గొంతు పిసుకుతడు అని. మంచిగనే చెప్తవ్. చప్పట్లు కొడ్తరు. నేను గూడ కొట్టిన. ఇప్పుడు చెప్పు. వీడు నాది కాడా?"

పండరి మైకును కింద పెట్టాడు. "దేశాలు గూడ గిదే అంటయ్. మా పిల్లలు, మా పిల్లలు అనుకుంటనే పక్కోని పిల్లల మీద బాంబులేస్తయ్. భయానికి గుడ్డ కట్టి జెండా అంటయ్."

"నేను దేశాన్ని కాను. తల్లిని."

పండరి లేచి కండువా వేసుకున్నాడు. మైకు వైరును మోచేతికీ అరచేతికీ చుట్టుకున్నాడు.

"ఒట్టు?" అన్నది సావిత్రమ్మ.

"తప్పను," అన్నాడు. "రేపు నువ్వు చెప్పుమన్నదే చెప్త."

ఆమె గెలిచింది. గెలిచినట్టు ఎక్కడా అనిపించలేదు.

సృజన్ గడప మీదే ఉన్నాడు. వందనకు రానన్నాడు. ముగ్గురూ అతన్ని దాటుకొని నడిచారు.

వడ్ల ట్రాక్టర్లు దుమ్ము లేపుతూ పోతున్నాయి. గఫూర్ దుకాణం షట్టరు మూసి ఉన్నది, నడుమ సొట్టపడి ఉన్నది. ఆ షట్టరు ముందుకొచ్చేసరికి పండరి నడక తప్పింది. సుజన కొంగు నెత్తిన కప్పుకున్నది. సావిత్రమ్మ అవతలి దిక్కు ఉన్న కిరాణం బోర్డు చదువుకుంటూ నడిచింది. ఆమెకు చదువు రాదు.

విహారమని పేరు పెద్దది గానీ అది రేకుల హాలు. లోపల బుద్ధుని బొమ్మ, బాబాసాహెబ్ ఫోటో, కింద జంపఖానా. గుమ్మం మీద ఇనుప ధర్మచక్రం. మీద కర్రకు కట్టిన హారన్. ఆదివారం పొద్దున ఆ హారన్‌లో పండరి గొంతు రెండు గల్లీల అవతలి వాళ్ళ ఇంటి దాకా వినబడుతుంది. సృజన్ చిన్నగున్నప్పుడు జ్వరమొచ్చి మంచంలో ఉంటే, ఇంట్లోంచే తండ్రి వెనక పలికేవాడు.

గేటు కాడ గఫూర్ నిలబడి ఉన్నాడు. పక్కన బురఖాలో సాలెహా. పండరి కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

"భయపడకు పండరన్నా, అప్పు వసూలుకు రాలే," అన్నాడు గఫూర్. నవ్వబోయాడు, రాలేదు. "నమాజ్ చదివిన. దర్గల చాదర్ ఇచ్చిన. ఇగ మిగిలింది మీరే. మీ దువాల మా పిలగాని పేరు గూడ వెయ్యి."

"మా కాడ అడగనీకి పైన ఎవ్వరు లేరు గఫూర్. అందరు మంచిగుండాలె అని మేమే అనుకుంటం. గంతే."

"గదే అనుకోర్రి. జర గట్టిగ అనుకోర్రి."

లోపలికి పోతూ గఫూర్ తలెత్తి చక్రాన్ని చూశాడు. "యాదికున్నదా అన్నా? ఒక్క ఆకు తక్కువ పడ్డదని మొత్తం కోపిచ్చి నాతోని మళ్ళ చేపిచ్చినవ్. ఎవడు లెక్కపెడతడు గంత పైకి అంటే, నేను పెడత అన్నవ్. దొంగ! పైసలు గూడ ఇయ్యకపోతివి రెండోసారికి!"

పండరి ఆ చక్రం దిక్కు చూడలేదు. తల వంచుకొని గుమ్మం దాటాడు.

ఆడవాళ్ళ దిక్కు సావిత్రమ్మ పక్కనే సాలెహా కూర్చున్నది. సావిత్రమ్మ చెయ్యిని తన ఒళ్ళోకి తీసుకున్నది.

"ఎడమ కన్ను ఇగ రాదంట అక్కా."

సావిత్రమ్మ ఖాళీగా ఉన్న చేత్తో కొంగు సర్దుకున్నది.

"డాక్టర్ చెప్పిండు. రెండోది మంచిగున్నది, అల్లాకు షుకర్ చెయ్యి అన్నడు. చేసిన. ఏం చెయ్యాలె మరి?" సాలెహా ముక్కు తుడుచుకున్నది. "తెలివికొచ్చినంక ముందుగాల ఏమడిగిండో ఎర్కేనా? నీళ్ళు అడగలే. 'అమ్మీ, సృజన్ వచ్చిండా?' అన్నడు."

సావిత్రమ్మ చూపును జంపఖానా మీదికి దించింది.

"'వాడు నా ముంగటనే నిలబడి తీసిండు. మొత్తం వాని ఫోన్ల ఉంటది. వాడు తెస్తడు. వాడు తెస్తే నా మీద కేసు పోతది' అన్నడు. రోజు తలుపు దిక్కే చూస్తుండు అక్కా. ఉన్న ఒక్క కన్నుతోని."

జంపఖానా మీద ఒక చీమ పోతున్నది. సావిత్రమ్మ దాన్నే చూస్తూ ఉన్నది.

"తేలేదేందో మరి. భయపడ్డడేమో పిలగాడు. నువ్వు జర చెప్పు అక్కా. ఇస్తడు గద?"

"ఫోన్ ఖరాబైంది సాలెహా."

ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని సావిత్రమ్మకు విన్నాకనే తెలిసింది.

"నీళ్ళల్ల పడ్డది. అన్ని పోయినయంట. ఫోనే లేదిప్పుడు వానికి."

సాలెహా సావిత్రమ్మ చెయ్యిని మెల్లగ నిమిరింది. "పోనీ. వాడేం చేస్తడు పాపం. నువ్వు ఫికర్ చెయ్యకు అక్కా."

చెంపమీద కొట్టినా ఇంత దెబ్బ తగలదు.

సుజన వెనకనే కూర్చున్నది. అంతా విన్నది. ఆమె ఊపిరి సావిత్రమ్మ మెడకు వేడిగా తగులుతున్నది.

విహారం పనులు చూసుకునే బాలన్న కొవ్వొత్తి ముట్టించాడు. పండరి మైకు ముందు కూర్చున్నాడు. గొంతు సవరించుకుంటే హారన్‌లో ఉరిమినట్టయింది.

ఈ హాలుకు ఒక కట్టుబాటు ఉన్నది. పెట్టింది పండరే. ఐదు శీలాలు ఆయన ముందు పలుకుతాడు, అందరూ వెనక పలుకుతారు. చంపను, దొంగతనం చెయ్యను, తప్పుడు సంబంధం పెట్టుకోను, అబద్ధం ఆడను, తాగను. నిలుపుకోలేని శీలం వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకోవాలె. పలికి తప్పేదానికంటె పలకకపోవుడే మేలు. బుద్ధుని ముంగట దొంగ దస్కత్ పెట్టొద్దు అంటాడు. అందుకే రాజేశ్వర్ అనే కల్లుప్రియుడు ప్రతివారం ఐదో శీలం కాడ పెదవులు బిగించి, మీసాలు దువ్వుకుంటూ కూర్చుంటాడు. ఒక వారం పలికాడు. హాలంతా చప్పట్లు. మళ్ళీ వారం మీసాలే. జనం నవ్వుతారు, ఆయనా నవ్వుతాడు. ఎవని నోరు ఎక్కడ మూతబడితే వాని సంగతి అక్కడ తెలిసిపోతుంది. అదే ఈ హాలు తీరు.

పండరి మొదలుపెట్టాడు. పాళీ మాటలు. సావిత్రమ్మకు అక్షరం రాకున్నా అవన్నీ నోటికొచ్చు. దెగ్లూర్‌లో దీక్ష తీసుకున్న నాడు భంతే, ఆ బౌద్ధ భిక్షువు, చెప్పింది చెప్పినట్టే పట్టుకున్నది. గొంతు దానంతటదే కదిలింది.

మొదటి శీలం. హాలు పలికింది.

రెండోది. పలికింది.

మూడోది. పలికింది.

ఆ తర్వాత ఏమీ రాలేదు.

హారన్‌లో గుయ్యిమని సన్నటి మోత. దగ్గు ఒకటి. రేకుల మీద పావురం నడిచిన సప్పుడు. పండరి కండ్లు మూసుకొని ఉన్నాడు.

తర్వాత ఐదోది పలికాడు.

హాలు పలకలేదు. రాజేశ్వర్ అలవాటు కొద్దీ మీసాల మీదికి చెయ్యి తీసుకపోయి, అక్కడే ఆపాడు.

బాలన్న ముందుకు వంగాడు. "అన్నా, నాలుగోది మరిచినవ్."

"మరువలే."

మైకులో పడ్డ ఆ మాట హారన్ ఎక్కి గల్లీ మీద పడ్డది.

"ఇయ్యాల నేను నాలుగోది తీసుకుంటలేను. మీరు తీసుకోర్రి. బాలన్నా, నువ్వు చెప్పు."

ఒట్టు నిలుపుకోవాలనుకున్నాడు. రేపు ఆడబోయే అబద్ధాన్ని ఇవ్వాళ దొంగతనంగా మొయ్యలేకపోయాడు. అబద్ధం కూడా నిజాయితీగా ఆడదామనుకున్నాడు ఆ పిచ్చిమనిషి! లోకంలో ఏ లీడరుకైనా వచ్చే ఆలోచనేనా ఇది? కోట్లమంది ముంగట నిలబడి రోజుకొక అబద్ధం ఆడేటోళ్ళు హాయిగా నిద్రపోతున్నారు. బాన్సువాడలో ఒక మైకుసెట్టోనికి రొట్టె దిగలేదు.

బాలన్న తడబడుతూ నాలుగోది పలికాడు. హాలు వెనక పలికింది. సుజన గొంతు అందరికంటె గట్టిగ వినబడ్డది, ఏడుపులో తడిసి. సావిత్రమ్మ నోరు తెరిచింది. నాలుక తిరగలేదు. మళ్ళీ మూసుకున్నది.

ఆమె చెయ్యి ఇంకా సాలెహా ఒళ్ళోనే ఉన్నది.

మగవాళ్ళ దిక్కు గఫూర్ పక్కవాన్ని గోకాడు. "ఏందది? పండరన్న వద్దన్నది ఏంది?"

పక్కవాడు తల వంచుకున్నాడు. ఎవరూ చెప్పకపోతే బాలన్నే చెప్పాడు. "అబద్ధం ఆడననేది."

గఫూర్‌కు మొదలు అర్థం కాలేదు. నవ్వు మొఖం పెట్టాడు. "అదేంది? గాయన అబద్ధం ఆడడు గద. పండరన్నా, నువ్వు ఒక్క ఆకు తక్కువైతే ఒప్పుకోనోనివి. నీకు అబద్ధం ఆడే కష్టమేమొచ్చింది?"

పండరి మైకు వైరును వేలికి చుట్టుకున్నాడు.

"రేపు నీది స్టేషన్ల బయాన్ ఉన్నది గద..." గఫూర్ గొంతు మధ్యలో తెగింది. నవ్వు మొఖం మెల్లమెల్లగ కిందికి దిగింది, తడిగోడ సున్నం లెక్క. "అన్నా. ఎవనికోసం?"

గేటు కాడ ఉరికొచ్చిన అడుగుల సప్పుడు.

సృజన్. కాళ్ళకు చెప్పులు లేవు. రొప్పుతున్నాడు. గడప మీద కూర్చున్నోడు హారన్‌లో మూడోది విన్నాడు. నాలుగోది వినలేదు. పుట్టినప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా తప్పనిది తప్పింది. తండ్రికి ఏమయిందోనని ఉరికొచ్చాడు.

"బాపు!" గుమ్మంలో నిలబడి హాలంతా వెతికాడు. తండ్రి మంచిగనే కూర్చొని ఉన్నాడు. అప్పుడు చూశాడు, గఫూర్‌ను. ఆ తర్వాత సాలెహాను.

సాలెహా సావిత్రమ్మ చెయ్యి వదిలింది. లేచింది. జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ గుమ్మం దాకా పోయింది. చిన్నప్పుడు ఇద్దరు పిలగాండ్లకు ఒకే పళ్ళెంలో అన్నం కలిపి పెట్టిన మనిషి. సృజన్ చెంప మీద చెయ్యి వేసింది. చెమట తుడిచింది.

ఆమె చూపు కిందికి దిగి అతని కుడిచేతి కాడ ఆగింది. ఆ చేతిలో ఫోను వెలుగుతూ ఉన్నది.

"ఫోన్ బాగైందా బేటా?" అన్నది సాలెహా.

సృజన్‌కు ఏమీ అర్థం కాలేదు. "దానికేమైంది చాచీ?" అన్నాడు.

మైకును ఎవరూ బంద్ చెయ్యలేదు. హారన్ గుయ్యిమంటున్నది. సాలెహా తల కొడుకు దిక్కు నుంచి తల్లి దిక్కు తిరిగింది.